కంప్యూటరులో గళ్లు, బుటాలు నింపు విధము: ముందు పోగుల లెక్క



ఈ వ్యాసమును ఒక తప్పుతో మొదలు పెట్టుచున్నాను. ఆ తప్పు నాదే గనుక దాచవలసిన పని లేదు. రెండేండ్ల క్రిందట మా సంఘమునకు నలువది బుటా చీరలకు ఆర్డరు వచ్చినది. డిజైనును పట్టణములో ఒక కంప్యూటరు దుకాణమునందు గీయించి తెచ్చితిమి. తెరమీద చూడ ముచ్చటగా ఉన్నది. నేను సరే అని సంతకము పెట్టితిని. అట్టలు గుద్దించితిమి, పడుగు తోడించితిమి, మగ్గములు నడిచినవి.

మూడవ దినము మా సంఘములో పెద్దవాడైన ఒక నేతగాడు చీర కొస పట్టుకొని ఆఫీసుకు వచ్చెను.

“సెక్రెటరప్పా, ఈ వరసలో పువ్వు అంచు కాడ సగానికి తెగిపోతాండాది. ఆ పక్కా సగమే, ఈ పక్కా సగమే. ఇట్లే నేయమంటావా?” అని అడిగెను.

“కంప్యూటరులో అట్లే ఉన్నది పెద్దనాయనా. పార్టీవారు ఒప్పుకొన్న డిజైను. నేయండి” అంటిని.

ఆయన మరి మాట్లాడలేదు. చీరలన్నీ నేసినారు. పార్టీవారు సగము పువ్వులు చూచి ధర తగ్గించిరి. అప్పుడు లెక్క తీసి చూడగా, డిజైను మొదలును ముప్పది పోగులు జరిపియుంటే ఒక్క పువ్వు కూడ తెగియుండెడిది కాదని తేలినది. ముప్పది పోగులనగా అర అంగుళము! ఆ అర అంగుళము కొరకు సంఘము నష్టపడినది. అంతకంటె పెద్ద నష్టము, నేతగాని కన్ను చెప్పిన మాటను నేను తెర చూచి త్రోసివేయుట.

అప్పటినుండి ఆ సాఫ్ట్‌వేరును నేనే కూర్చుండి నేర్చుకొంటిని. నేర్చుకొనుటకు తెలుగులో కాగితము దొరకలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. మా సిరుగుప్ప ఇటు మైసూరు వైపు నిలిచినది. అందువలన మా పిల్లలు కన్నడములో చదువుదురు, మేము ఇంట తెలుగు మాట్లాడుదుము, సాఫ్ట్‌వేరు మాత్రము ఆంగ్లములో వచ్చును. కనుక నేను తెలిసికొన్నంత తెలుగులో వ్రాయుచున్నాను.

హ్యాచ్ అనగా నేమి?

ఇంజనీరులు ఇల్లు గాని యంత్రము గాని పటము గీయునపుడు, ఇది ఇటుక, ఇది ఇనుము, ఇది మన్ను అని తెలియుటకు ఆయా చోట్ల ఒక్కొక్క విధమైన గీతలు నింపుదురు. పూర్వము స్కేలు పెట్టి చేతితో గీసెడివారు. ఒక గోడ నింపుటకు పూట పట్టెడిది. కంప్యూటరులో అదే పనిని ఒక ఆజ్ఞతో చేయుదురు. చుట్టూ హద్దు గీసి, లోపల ఒక చోట చూపించి, నమూనా పేరు చెప్పినచో హద్దు నిండ గీతలు వచ్చి కూర్చుండును. దీనినే హ్యాచ్ అందురు. 1982లో బయటికి వచ్చిన ఆటోక్యాడ్‌లోను, ఉచితముగా దొరకు లిబ్రెక్యాడ్‌లోను ఈ సదుపాయము గలదు.

ఈ నింపుడులోని రహస్యము మనకు క్రొత్తది కాదు. కంప్యూటరు గోడ మొత్తమును జ్ఞాపకము పెట్టుకొనదు. ఒక చిన్న తునకను మాత్రమే జ్ఞాపకము పెట్టుకొని దానినే ప్రక్క ప్రక్కన, పై పైన పేర్చును. మన గళ్ల చీరలో ఒక గడి, జాకార్డులో ఒక రిపీటు ఉన్నట్లే. అసలు ఈ దారి మగ్గమునుండి కంప్యూటరుకు పోయినదే. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జాకార్డు అట్టలతో మగ్గమును నడిపెను. ఆ అట్టలను చూచియే ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రమునకు అట్టలు వాడదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హాలరిత్ రంధ్రములు గుద్దిన అట్టలతోనే తేల్చెను. కాబట్టి కంప్యూటరు ముందు మనవాడు బెదరవలసిన పని లేదు.

మొదటి నియమము: ఒక మాత్ర ఒక పోగు

కంప్యూటరుకు అంగుళములు తెలియును, మిల్లీమీటర్లు తెలియును, పోగులు తెలియవు. తప్పులన్నీ ఇక్కడనే పుట్టుచున్నవి. అంగుళమునకు 60 పోగులున్న గుడ్డలో ఒక పోగు తావు 0.4233 మిల్లీమీటరు. ఇట్టి చిల్లర అంకెలతో గీసినచో ఎక్కడో ఒక చోట అర పోగు మిగులును. తెరమీద అర పోగు ఉండవచ్చును గాని మగ్గము మీద ఉండదు.

అందుచేత నేతగానికి ఇచ్చు పటమును అంగుళములలో గీయరాదు. తెరమీద ఒక మాత్రను ఒక పోగుగా భావించి గీయవలెను. అడ్డముగా లెక్కించునవి పడుగు పోగులు, నిలువుగా లెక్కించునవి పేక పోగులు.

ఒక ఉదాహరణ తీసికొందము. రెండంచుల నడుమ చీర బాడీ వెడల్పు 38 అంగుళములు, అంగుళమునకు పడుగు 60 పోగులు. మొత్తము 2280 పోగులు. కొంగు విడిచి బాడీ పొడవు 144 అంగుళములు, అంగుళమునకు పేక 50 పోగులు. మొత్తము 7200 పోగులు. కాబట్టి కంప్యూటరులో అడ్డము 2280, నిలువు 7200 గల ఒక దీర్ఘచతురస్రము గీయవలెను. దాని ఎడమ క్రింది మూల సరిగా 0,0 వద్ద నుండవలెను. నమూనా పేర్చుట అక్కడనుండియే మొదలగును గనుక ఇది ముఖ్యము. అట్లు కుదరనిచో హ్యాచ్ మొదలు అను చోట ఆ మూలను చూపవలెను.

హద్దు నాలుగు ప్రక్కల మూసి యుండవలెను. కట్టకు గండి పడినచో నీరు నిలువనట్లే, మూలలో సందు ఉన్నచో హద్దు మూయలేదని సాఫ్ట్‌వేరు మొరాయించును. నాలుగు విడి గీతలు గీయుటకంటె దీర్ఘచతురస్రమును ఒకే ఆజ్ఞతో గీయుట మేలు.

తయారుగా ఉన్న నమూనాలు

సాఫ్ట్‌వేరుతో కొన్ని నమూనాలు వచ్చును. ఇటుక వరుస, వల, చుక్కలు, తేనెపట్టు, వంకర గీతలు మొదలైనవి. వీనిని వాడునపుడు మూడింటిని చూడవలెను: ఎంత పెద్దదిగా వేయవలెనను స్కేలు, వాలు, మొదలు. స్కేలు మరీ చిన్నదైనచో గీతలు దట్టమై నల్లగా అలికినట్లగును, లేదా సాఫ్ట్‌వేరు నింపుటకే ఒప్పుకొనదు. మరీ పెద్దదైనచో హద్దులో ఒక గీతయైన పడదు, నింపలేదేమో యని భ్రమ కలుగును.

ఈ నమూనాలు పార్టీవారికి రంగుల వరుస చూపుటకు, అంచు ఏది, బాడీ ఏది, కొంగు ఏది అని వేరుపరచుటకు ఉపయోగించును. నేతకు మాత్రము పనికిరావు. వాని కొలతలు ఇటుకలకు, ఇనుమునకు సరిపోవును గాని మన పోగులకు సరిపోవు. మన గడి మనమే వ్రాసికొనవలెను.

గళ్ల నమూనా వ్రాయుట

ఆటోక్యాడ్‌లో నమూనా అనగా మామూలు అక్షరములతో వ్రాసిన చిన్న చీటీ. నోట్‌ప్యాడ్‌లో వ్రాయవచ్చును. మొదటి వరుసలో నక్షత్రపు గుర్తు, వెంటనే పేరు, తరువాత కామా పెట్టి వివరము. పేరు ఆంగ్లాక్షరములలో, నడుమ ఖాళీ లేకుండ ఉండవలెను. చీటీకి కూడ అదే పేరు పెట్టి చివర చుక్క, పి, ఎ, టి అని చేర్చవలెను. కడపటి వరుస వ్రాసిన పిమ్మట ఎంటర్ మీట తప్పక నొక్కవలెను. అది మరచినచో నమూనా పని చేయక చాల మంది తికమక పడుదురు.

తరువాతి ఒక్కొక్క వరుస ఒక్కొక్క జాతి గీతలను తెలుపును. అందులో ఐదు అంకెలుండును.

మొదటిది వాలు. 0 అనగా అడ్డగీత, 90 అనగా నిలువుగీత. రెండు, మూడు అంకెలు గీత మొదలగు చోటు: ఎడమనుండి ఎంత, క్రిందినుండి ఎంత. నాల్గవది, తరువాతి గీత తన దారిలోనే ఎంత ముందుకు జరుగునో. ఐదవది, గీతకు గీతకు నడుమ ఎడము.

ఇప్పుడు గడి చూడండి. పడుగులో 20 పోగులు నేల రంగు, 4 పోగులు చార, మొత్తము 24. పేకలో 16 పోగులు నేల, 4 పోగులు చార, మొత్తము 20. చార రెండు ఒడ్డులకు రెండు గీతల చొప్పున నాలుగు వరుసలు చాలును.

90, 10,0, 0,24
90, 14,0, 0,24
0, 0,8, 0,20
0, 0,12, 0,20

చార 0 వద్ద గాక 10 వద్ద ఎందుకు మొదలు పెట్టితిమి? నేల 20 పోగులలో సగము ఎడమ ప్రక్క, సగము కుడి ప్రక్క ఉంచుటకు. అప్పుడు 2280ని 24తో భాగించగా సరిగా 95 గళ్లు వచ్చును. రెండంచుల వద్దను 10 పోగుల నేల సమానముగా నిలుచును. చారతోనే మొదలు పెట్టియుంటే ఎడమ అంచును చార తాకును, కుడి అంచు వద్ద నేల ఉండును. చీర ఒంటి కన్నుగా కనిపించును. రెండు ప్రక్కల చారయే కావలెనన్నచో చివర ఇంకొక 4 పోగులు చేర్చి పడుగు 2284 తోడవలెను. ఇది పడుగు తోడక ముందే తేల్చుకొనవలసిన సంగతి.

గడికి 24కు బదులు 26 పోగులు కావలెనని పార్టీవారు అడిగిరనుకొందము. 2280లో 87 గళ్లు పోగా 18 పోగులు మిగులును. కంప్యూటరు ఏమియు అనదు. హద్దు వద్ద కత్తెరతో కోసినట్లు కోసివేసి ఊరకుండును. ఆ 18 పోగులు ఏమి చేయవలెనో మనమే అడుగవలెను: గడి మార్చవలెనా, అంచు వెడల్పు మార్చవలెనా, రెండు ప్రక్కల తొమ్మిదేసి పంచవలెనా?

పేక సంగతి

పేకలో గడికి 24 గాక 20 ఎందుకని కొందరు అడుగవచ్చును. పడుగు 24 పోగులు 60తో భాగించగా 0.4 అంగుళము. పేక 20 పోగులు 50తో భాగించగా అదియు 0.4 అంగుళమే. గుడ్డ మీద గడి చదరముగా వచ్చును. తెరమీద మాత్రము అడ్డముగా సాగినట్లుండును. దానిని చూచి బెదరి తెరమీద చదరము చేసినచో గుడ్డమీద నిలువుగా సాగును. గ్రాఫు కాగితములు నిలువు అడ్డము వేరువేరు లెక్కలలో దొరకుట ఇందుకే గదా.

చారకు 4 పేక పోగులు పెట్టుటకును కారణమున్నది. ఒక ప్రక్కనే నాడె పెట్టెలున్న మగ్గముపై రంగు నాడె పోయి రావలెను గనుక పేక సరిసంఖ్యలోనే పడును. మూడు పోగుల చార తెరమీద గీయవచ్చును. నేసేవాడు మాత్రము తల పట్టుకొనును.

పార్టీవారికి చూపుటకు రెండవ పటమును అంగుళములలో వేరుగా చేయవలెను. దానికి పడుగు అంకెలను 60తోను, పేక అంకెలను 50తోను భాగించి ఇంకొక నమూనా వ్రాసిన చాలును. గీతల ఎడము రెండు వైపుల 0.4 వచ్చును. పోగుల పటము మగ్గమునకు, అంగుళముల పటము అంగడికి. ఒకదాని చోట ఒకటి పోరాదు.

బుటాలు: సగము పువ్వు ఎట్లు వచ్చినది

ఇక నా తప్పు సంగతి. బుటాలు ఒక వరుసలో 120 పోగులకు ఒకటి, అనగా రెండంగుళములకు ఒకటి. వరుసకు వరుసకు నడుమ 100 పేకలు, అదియు రెండంగుళములే. రెండవ వరుస పువ్వులు మొదటి వరుస పువ్వుల సందులలో రావలెను. అనగా 60 పోగులు జరుగవలెను. ఇచ్చట నాల్గవ అంకె పనికి వచ్చును. ఐదు అంకెల తరువాత గీత పొడవు, ఖాళీ పొడవు వ్రాయవచ్చును. ఖాళీకి ముందు తీసివేత గుర్తు ఉండవలెను. పొడవు 0 అన్నచో చుక్క పడును. ఆ చుక్కయే పువ్వు నడుమ భాగము.

ఆనాడు మాకు వచ్చిన పటములోని లెక్కను ఈ విధముగా వ్రాసినచో ఇట్లుండును:

0, 60,50, 60,100, 0,-120

మొదటి వరుస 60 వద్ద మొదలై 2220 వద్ద ముగియును. 19 పువ్వులు, రెండు ప్రక్కల 60 పోగుల చొప్పున ఖాళీ. చూచుటకు బాగుగానే ఉన్నది. రెండవ వరుస 60 పోగులు జరుగుటవలన 120 నుండి 2160 వరకు 18 నిండు పువ్వులు వచ్చి, ఇంకను ఒకటి సరిగా 0 మీద, ఒకటి సరిగా 2280 మీద పడును. ఆ రెంటిని అంచులు సగమునకు కోయును. నేతగానికి చూడుడు ఎంత కష్టమో: మొదటి వరుసకు 19 బుటా కండెలు చాలగా, రెండవ వరుసకు 20 కావలెను. ఎక్కువ పని చేసి చెడిన పువ్వు నేయుట!

దిద్దిన వరుస ఇది:

0, 30,50, 60,100, 0,-120

మొదటి వరుస 30 నుండి 2190 వరకు, రెండవ వరుస 90 నుండి 2250 వరకు. రెంటిలోను 19 నిండు పువ్వులే. ఒక వరుసకు ఎడమ 30, కుడి 90 ఖాళీ. మరు వరుసకు ఎడమ 90, కుడి 30. చీర మొత్తము మీద సమముగా కనిపించును. అయితే పువ్వు వెడల్పు 60 పోగులకు తక్కువగా ఉండవలెను. 48 పోగుల పువ్వయినచో అంచుకు ముందు 6 పోగులు మిగులును. ఇంతకంటె పెద్ద పువ్వు కావలెనన్నచో మొదటి పద్ధతినే ఉంచి, రెండవ వరుసలో అంచులమీద పడు రెంటిని విడిచిపెట్టి 18 మాత్రమే నేయవలెను.

చుక్క కంటికి ఆననిచో 0కు బదులు 8, ఖాళీకి -112 వ్రాయవచ్చును. మొత్తము 120 మారరాదు. గీత నడుమ భాగము పాత చోటనే ఉండుటకు మొదలును 30 నుండి 26కు తీయవలెను.

లిబ్రెక్యాడ్ వాడువారికి అంకెల చీటీ అక్కరలేదు. ఒక గడిని చిన్న బొమ్మగా గీసి నమూనాల అరలో భద్రపరచిన చాలును. లెక్క మాత్రము ఇదే.

నింపిన పిమ్మట

హ్యాచ్ హద్దును అంటిపెట్టుకొని ఉండునట్లు నింపవలెను. అప్పుడు అంచు వెడల్పు మార్చినచో లోపలి గీతలు వాటంతట అవే సర్దుకొనును. సర్దుకొన్న ప్రతిసారి కుడి అంచును, పై అంచును పెద్దది చేసి చూడవలెను. నింపిన దానిని విడగొట్టు ఆజ్ఞ యొకటి గలదు. దానిని నొక్కినచో గడి వేలకొలది విడి గీతలై పోవును, మరల హ్యాచ్‌గా దిద్దుటకు వీలుండదు. అసలు ప్రతిని ఎన్నడు విడగొట్టరాదు.

ఇది చేయలేని పనులును గలవు. ఏ పోగు పైకి లేవవలెను, ఏది క్రింద ఉండవలెను, వెనుక పోగు ఎంత పొడవు తేలుచున్నది అను నేత కట్టును హ్యాచ్ చెప్పదు. అది నేతకై చేసిన సాఫ్ట్‌వేరుల పని. మన దేశములోనే జాకార్డు నేతకై డిజిబునై అను ఉచిత సాఫ్ట్‌వేరును తయారు చేసినారు. గ్రాఫునకును, అట్టలకును దానివంటిదే తగినది. చీర మొత్తము ఎట్లుండవలెను, ఏ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలెను అని పోగులలో తేల్చుకొనుటకు హ్యాచ్ చాలును. సందేహములున్నవారు 1956లో ప్రారంభమైన వీవర్స్ సర్వీసు సెంటర్లను అడుగవచ్చును. మనకు బెంగళూరు, విజయవాడ, హైదరాబాదులలో అవి గలవు.

లెక్క ఎవరి చేతిలో ఉండవలెను?

మాకు దగ్గరిదైన ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించినది. నూలు, అమ్మకము నేతగాండ్ర చేతిలో ఉండవలెనన్నదే సహకారము యొక్క సారము. ఈ కాలమున దానికి మూడవది చేరినది: డిజైను. నూలు మనది, మగ్గము మనది, డిజైను చీటీ మాత్రము ఎవరి దుకాణమునందో ఉన్నచో, ముప్పది పోగులు జరుపుటకు కూడ మనము బస్సెక్కవలసి వచ్చును.

మా సంఘములో ఇప్పుడు ఈ ఏర్పాటు చేసికొంటిమి. ప్రతి డిజైనుకు పోగుల పటము, అంగుళముల పటము, నమూనా చీటీ మూడును సంఘములోనే భద్రపరచుదుము. పటముతోపాటు ఒక కాగితముపై పడుగు మొత్తము, గడి పోగులు, భాగించగా వచ్చినది, మిగిలినది వ్రాయుదుము. మిగిలిన చోట సున్న ఉండవలెను. లేనిచో దానిని ఏమి చేసితిమో వ్రాయవలెను. ఆ కాగితముపై నేయబోవు నేతగాడు చూచి ఒప్పుకొనిన తరువాతనే నా సంతకము. అట్టలు గుద్దుట ఆ తరువాతి మాట.

మొన్న ఒక గళ్ల చీర పటము తెచ్చి ఆ పెద్దాయనకే చూపితిని. కండ్లజోడు సవరించుకొని కుడి అంచు వద్ద వ్రేలు పెట్టి చాల సేపు చూచెను.

“ఈడ సరిపోయిందప్పా. పడుగు తోడిచ్చు” అనెను.

ఆ మాట విన్న తరువాతనే పడుగు తోడించితిని.